మైకుగారి గొంతులో పుప్పొడి

బస్టాండులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆయన మైకుగారే. ఆ 'గారు' అన్న గౌరవం మనిషికా, మైకుకా అని తేల్చుకోవడానికి ఆయన ఎన్నడూ ప్రయత్నించలేదు. అలాంటి సంగతులు తేలితే నష్టపోయేది తనేనని ఆయనకి తెలుసు.

బస్టాండు నడిమధ్యన మూడు పక్కలా అద్దాలు, నాలుగో పక్క తలుపు ఉన్న చిన్న గది ఆయన కొలువు. అందులో ఒక బల్ల, తిరిగే కుర్చీ, కొంగ మెడలాంటి మైకు, దాని కింద ఎర్ర మీట, నెత్తిమీద ఒక ఫ్యాను. జనం వచ్చి వివరాలు అడగడానికి ముందు అద్దంలో ముఖమంత ఎత్తున గుండ్రటి కన్నం. లోపల ఆయన తుమ్మినా, తల గోక్కున్నా బస్టాండు మొత్తానికీ కనపడుతుంది.

ఆయన పని చూడ్డానికి సులువు. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగిందో, ఎందుకు రాలేదో చెప్పడమే. కాని ఆ చెప్పడాన్ని ఆయన ఒక శాస్త్రం చేశారు. మీట నొక్కేముందు గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క. ఊరి పేరు నిదానంగా, చివరి అక్షరం మింగకుండా. ప్లాట్‌ఫారం అంకె చెప్పేముందు అరక్షణం విరామం. ఆ అరక్షణంలో పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు కూడా పోట్లాట ఆపి చెవులు రిక్కించేవారు. అంకె వినపడ్డాక, ఆపిన చోటినుంచే మళ్ళీ అందుకునేవారు. రాని బస్సు గురించి ఆయన విచారం వ్యక్తం చేస్తుంటే, బస్సు వచ్చినంత తృప్తిగా ఉంటుందని పాత ప్రయాణికులు చెప్పుకునేవారు. ఆ మనిషికి ఆస్తీ, చదువూ, పలుకుబడీ అన్నీ ఆ గొంతులోనే ఉన్నాయి. అది పోతే మిగిలేది తిరిగే కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి, అంతే.

అలాంటి గొంతు ఒక చలికాలంలో పోయింది. మొదట బొంగురుపోయింది, తర్వాత జీరబోయింది, ఆ తర్వాత పూర్తిగా పోయింది. గొంతు డాక్టరు నోట్లోకి లైటు వేసి చూసి, లోపలి తీగలు ఒరుసుకుని కాయలు కాశాయన్నాడు. మందు ఒకటేనట, మౌనం. అది ఎన్నాళ్ళన్నది ఆ కాయల ఇష్టం. గుసగుసలు కూడా నిషేధం. మైకుగారు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. తను చెప్పేదంతా మొగుడు అడ్డు తగలకుండా వినడం ఇల్లాలికి పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఆవిడ ఆ అవకాశాన్ని వృథా పోనివ్వలేదు.

పైవాటాలో ఆవిడ తమ్ముడు ఉండేవాడు. మంచివాడు. ఈ మాట ముందే చెప్పెయ్యడం ఎందుకంటే, ఇకముందు జరిగేదాంట్లో ఆ సంగతి మరుగున పడిపోయే ప్రమాదం ఉంది. అతనికి వ్యాపారమంటే ప్రాణం, వ్యాపారానికి అతనంటే గిట్టదు. జనం ఫ్యాక్సులు పంపడం మానేసిన ఏడాది ఫ్యాక్సు దుకాణం తెరిచాడు. వానలు మొహం చాటేసిన ఏడాది గొడుగులు తెప్పించాడు. కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టగానే ఊళ్ళో కరెంటు పోవడం మానేసింది. చుట్టాల్లో అతని ఊసెత్తితే నవ్వనివాళ్ళు లేరు. అక్క మాత్రం ఎవరేమన్నా ఒకటే అనేది, వాడికింకా టైము రాలేదని.

ఆ టైము చివరికి తేనెటీగల రూపంలో వచ్చింది. డాబా మీద పెట్టెలు పెట్టాడు. పాలు కొనడానికి వెళ్ళినా మొహానికి వల ముసుగు వేసుకునే వెళ్ళేవాడు. తేనె అందరూ అమ్ముతారు, అసలు బంగారం పుప్పొడిలో ఉందని ఎక్కడో చదివాడు. తేనెటీగలు పూలమీద వాలి, ఆ పొడిని ఉండలు చేసి వెనక్కాళ్ళకి అంటించుకుని గూటికి తెచ్చుకుంటాయి, తమ పిల్లల తిండికోసం. మనిషి ఆ ఉండల్ని పోగుచేసి, ఆరబెట్టి, సీసాలో పోస్తే దాని పేరు ఆరోగ్యం అవుతుంది. పసుపు, నారింజ, గోధుమ రంగుల్లో ఆవాలకంటే కాస్త పెద్దగా ఉండే గింజలు. నీరసానికీ, నిద్రపట్టకపోవడానికీ, జుట్టు రాలడానికీ, మతిమరుపుకీ అవే మందని బావమరిది చెప్పేవాడు. దేనికి పనిచెయ్యదురా అని ఎవరైనా అడిగితే మాత్రం ఆలోచించుకోవడానికి గడువడిగేవాడు.

బావ గొంతు పోయిందని తెలిసిన రోజునే సీసా, చెంచా పట్టుకుని కిందికి దిగాడు.

మొదటి చెంచా మైకుగారు నిజంగానే తిన్నారు. నోట్లో వేసుకోగానే తియ్యగా, కాస్త గడ్డివాసనగా ఉంది. ఆ తర్వాత అంగిలి దురద పెట్టింది. పెదవులు జిల్లుమన్నాయి. గొంతులో ఎవరో కుచ్చు పెట్టి తిప్పుతున్నట్టయింది. మాట్లాడకూడదు గనక చేతులూపారు. ఇంకో చెంచా అడుగుతున్నారనుకుని బావమరిది సంతోషంగా సీసా మూత తీశాడు. మైకుగారు మాటకి బదులు రాయడానికి పెట్టుకున్న పలక చప్పున అందుకుని 'దురద' అని రాశారు. ఇల్లాలు అది చదివి, వెనక్కి వెళ్ళి వీపు గోకింది.

ఇంకాస్త వివరంగా రాయొచ్చు కదా అనవచ్చు. రాయొచ్చు. కాని ఎదురుగా ఆ కుర్రాడు చెంచా పట్టుకుని, జీవితంలో ఒక్కసారైనా ఎవరికైనా పనికొచ్చానన్న మొహంతో నిలబడ్డాడు. మైకుగారికి ఉన్న పాత జబ్బు మొహమాటం. పలక పక్కన పెట్టేశారు. మర్నాటినుంచి చెంచా చేతికి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచేవారు, ప్రకృతిని చూస్తూ తింటే మంచిదన్నట్టుగా. కిటికీలో ఒక పూలకుండీ ఉండేది. మందంతా దానికే పోయేది.

కొంతకాలానికి డాక్టరు చూసి, కాయలు కరిగాయి, మాట్లాడొచ్చన్నాడు. ఇంటికి రాగానే అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎదురు కుర్చీల్లో కూర్చున్నారు, మొదటి మాట ఏం వస్తుందా అని. నిజానికి ఆయన మంచినీళ్ళు అడుగుదామనుకున్నారు. కాని బావమరిది కళ్ళలోకి చూశారు. అక్కడే కొంప మునిగింది.

"నీ పుప్పొడి పని చేసిందిరా," అన్నారు.

ఇల్లాలు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. బావమరిది లేచి బావ చేతులు పట్టుకున్నాడు. అన్నాళ్ళు మూసిన నోరు తెరిచి పలికిన తొలి వాక్యం అబద్ధమైనందుకు మైకుగారికి కొంచెం చివుక్కుమంది. అయినా పోయేదేముంది, ఇంట్లో మాటే కదా అనుకున్నారు. ఇంట్లో మాట మర్నాటికల్లా వీధిలో ఉంది. వారం తిరక్కముందే సీసా మీదికెక్కింది. సీసా మీద మైకు ముందు కూర్చున్న ఆయన ఫోటో, దాని కింద 'పోయిన గొంతు తిరిగొచ్చింది' అన్న మాట. ఫోటోలో ఆయన నవ్వుతున్నారు. అది ఎప్పుడో వేరే ఎవరి పెళ్ళిలోనో నవ్విన నవ్వు.

ఆ తర్వాత జరిగినదంతా గౌరవమర్యాదలతోనే జరిగింది. ఉచ్చు బిగిసేటప్పుడు చప్పుడు కాలేదు. బస్టాండు మేనేజరుకి మోకాళ్ళ నొప్పులు. సీసా వాడి చూసి, నొప్పులు తగ్గాయో లేదో గాని మాట కాదనలేక, ప్లాట్‌ఫారం పక్కన బావమరిదికి ఒక బల్ల వేసుకోనిచ్చాడు. బల్ల సంగతి ఒకసారి మైకులో చెప్పమన్నాడు. మైకుగారు చెప్పారు, అదే గొంతుతో, అదే అరక్షణం విరామంతో. అంత చక్కగా చెప్పినందుకు తన్ను తాను తిట్టుకున్నారు. కాని మీట నొక్కాక చెడ్డగా చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ సాయంత్రానికి బల్ల ఖాళీ. డ్రైవర్లు, కండక్టర్లు, టీకొట్టాయన, ఆఖరికి ఎప్పుడూ ఎవర్నీ నమ్మని సైకిల్ స్టాండాయన కూడా కొన్నారు. కన్నం దగ్గర మూగి బస్సు వివరాలు అడగడం తగ్గింది. పొద్దున తినాలా, భోజనమయ్యాకా, పాలల్లోనా నీళ్ళల్లోనా అని అడగడం మొదలైంది. ఆయన నీళ్ళు నమిలితే, నీళ్ళల్లోనేనని అర్థం చేసుకుని వెళ్ళిపోయేవారు.

బావమరిదికి ఇంకో ఆలోచన వచ్చింది. సీసా ఒకటి మైకుగారి గదిలో బల్లమీదే ఉంచాలి, పొద్దునా సాయంత్రం నలుగురూ చూస్తుండగా ఆయన ఒక చెంచా తినాలి. అడగడం కూడా ఎంతో వినయంగా అడిగాడు. పక్కన అక్క కూడా ఉంది.

ఇంట్లో కిటికీ ఉంది, కుండీ ఉంది. అద్దాల గదిలో ఏముంది? మైకుగారు కుర్చీ తిప్పుకుని, వీపు జనానికి పెట్టి, చెంచా నోటిదాకా తెచ్చి బల్ల సొరుగులో వదిలేవారు. మాయలమరాఠీ కూడా మెచ్చుకునే నేర్పు సంపాదించారు. కాని పుప్పొడి తీపి సరుకు. చీమలకి చీటీ రాసి పిలవక్కర్లేదు. అవి వరసకట్టి గోడమీంచి, అద్దంమీంచి, ఎర్ర మీటమీంచి సొరుగులోకి నడుస్తుంటే, మేనేజరు చూసి మందు కొట్టేవాణ్ణి పిలిపిస్తానన్నాడు. సొరుగు తెరిస్తే సీసా మీది నవ్వు ముక్కలవుతుంది. ఆ రోజు మైకుగారు డ్యూటీ అయ్యాక కూర్చుని, సొరుగంతా జేబురుమాలుతో ఊడ్చి, మూటకట్టి ఇంటికి మోసుకొచ్చారు. అప్పటినుంచి ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఇక తినడమే మిగిలింది. చెంచాలో నాలుగైదు గింజలు మాత్రం మిగిల్చి, మిగతావి సీసాలోకే జార్చి, ఆ నాలుగైదూ చప్పరించేవారు. దురద అంగిలితో ఆగలేదు. ముక్కు కారడం మొదలైంది. కళ్ళు ఎర్రబడ్డాయి. గొంతు ముక్కులోంచి రాసాగింది. ఆయన ఊరి పేరు చెబుతుంటే ఎవరో జలుబుచేసిన పిల్లవాడు పాఠం అప్పజెబుతున్నట్టుందని పాత ప్రయాణికులు ఒకరిద్దరు కన్నం దగ్గరికొచ్చి పరామర్శించారు. ఇంట్లో ఇల్లాలు కూడా గమనించింది. అక్కాతమ్ముళ్ళు కూర్చుని చర్చించి ఒక నిర్ణయానికొచ్చారు. మోతాదు చాలడం లేదట. ఆ కుటుంబంలో ఆ మందుకి ఓటమి లేదు. తగ్గితే దానివల్ల తగ్గినట్టు, తగ్గకపోతే అది తక్కువైనట్టు. ఇకనుంచి ఇంట్లో చెంచా తన చేత్తోనే నోట్లో పెడతానని ఇల్లాలు ప్రకటించింది. పెట్టింది కూడా. కిటికీ దాకా నడిచే స్వాతంత్ర్యం కూడా పోయింది.

ఒక రోజు పై పెదవి ఉబ్బి, ఊపిరి కాస్త ఈలవేసినట్టయ్యేసరికి భయం పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టరు బల్లమీద ఒక సీసా ఉంది. దానిమీద మైకుగారు నవ్వుతున్నారు.

"ఇది మీరే కదండీ. మా అత్తగారు మీ మాట మీదే తింటున్నారు," అన్నాడు డాక్టరు.

గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ గొంతులో ఇంకొకటి పట్టే చోటు అప్పటికే లేదు. ఒక్క డాక్టరుకి మాత్రం నిజం చెప్పేశారు. డాక్టరు నవ్వలేదు. మాత్రలు రాసిచ్చి, పుప్పొడి కొందరికి అసలు పడదని, ఈసారి వాపు గొంతులోకి దిగితే ఊపిరే ఆడకపోవచ్చని, గింజ కూడా ముట్టొద్దని, ఇలాగే సాగితే గొంతు ఆశ వదులుకోవాలని చెప్పాడు. మౌనం మాన్పిన గొంతుని మొహమాటం పాడుచేస్తోందని కూడా అన్నాడు. ఫీజు తీసుకునే మనిషికి అంత ఉచితంగా నిజం చెప్పాల్సిన అవసరం లేదని మైకుగారికి తోచింది.

చెప్పెయ్యాలని గట్టిగా నిశ్చయించుకుని ఇంటికొచ్చారు. గుమ్మంలోనే ఇల్లాలు ఎదురైంది, నవ్వు ఆపుకోలేకపోతోంది. ఎవరైతే తమ్ముడి గొడుగుల గురించి ఏళ్ళ తరబడి ఎగతాళి చేశారో ఆ చుట్టాలే ఫోన్లు చేసి, మా ఇంటికీ నాలుగు సీసాలు పంపించమని అడుగుతున్నారట. "మీ తమ్ముడు" అంటున్నారట, ఇదివరకు "మీవాడు" అనేవాళ్ళు. ఆవిడ ఒక్కొక్కరి గొంతూ అనుకరించి చూపించింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆవిడ అలా గలగలా నవ్వడం ఆయన ఎరగరు. చెప్పాలనుకున్నది మాత్రతోపాటు మింగేశారు.

సరే, వాణ్ణే పక్కకి పిలిచి చెబుదామని డాబా ఎక్కారు. బావమరిది ముసుగు వేసుకుని ఒక పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు. బావ అంతట తాను పైకొచ్చినందుకు పొంగిపోయి, పని చూపించాడు. గూటి గుమ్మానికి చిల్లుల రేకు బిగిస్తారు. చిల్లు సరిగ్గా తేనెటీగ పట్టేంతే ఉంటుంది. అది పూలన్నీ తిరిగి, కాళ్ళకి ఉండలు కట్టుకుని వచ్చి, ఆ చిల్లులోంచి ఒళ్ళు దోపుకుని లోపలికి పోతుంది. ఉండలు మాత్రం అంచుకి గీసుకుని కింద పళ్ళెంలో రాలతాయి. లోపలికెళ్ళాక ఏం జరిగిందో తెలియక అది మళ్ళీ పూలమీదికి పోతుంది.

"పాపం కదరా," అన్నారు మైకుగారు.

"అయ్యో, రోజూ పెట్టం బావా. మధ్య మధ్యలో రేకు తీసేస్తాం. లేకపోతే వాటి పిల్లలకి తిండుండదు. ఆ మాత్రం దయ లేకపోతే ఎలా?"

మైకుగారు ఆ తేనెటీగల వైపు కాస్త అసూయగా చూశారు. చెప్పాలనుకున్న మాట చెప్పకుండానే దిగివచ్చారు. కక్కలేని, మింగలేని బతుకంటే ఏమిటో ఆయనకి వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

అలా మాత్రా, చెంచా రెండూ మింగుతూ రోజులు దొర్లుతుండగా, ఒక మధ్యాహ్నం బస్టాండు ఊడ్చే ఆవిడ కన్నం దగ్గరికొచ్చింది. ఆవిడకి మైకుగారితో ఎప్పుడూ పనిలేదు. ఆవిడ ఇక్కడే ఉంటుంది, ఏ బస్సూ ఎక్కదు. చంకలో ఐదారేళ్ళ పాప. పాప తల తల్లి భుజం మీద వాల్చి నోటితో గాలి పీలుస్తోంది. పెదవులు ఉబ్బి ఉన్నాయి, మెడమీద ఎర్రటి దద్దుర్లు.

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. పాపకి మాటిమాటికీ జలుబు చేస్తుంటే ఈ పుప్పొడి కొని రెండు రోజులనుంచి పెడుతోందట. పెట్టినప్పుడల్లా ఇలా అవుతోందట. బల్ల దగ్గరికి వెళ్ళి అడిగితే, లోపలి చెడు బయటికి పోయేటప్పుడు అలాగే ఉంటుంది, మా బావకి కూడా మొదట్లో అలాగే అయి సర్దుకుందని చెప్పాడట.

"నిజమేనా సార్? మీకూ ఇట్లాగే అయి తగ్గిపోయిందా? ఇంకో చెంచా పెట్టెయ్యనా?"

బావమరిది అబద్ధం చెప్పలేదు. గొంతు వచ్చాక ఒకనాడు, మొదట్లో దురద పెట్టిందని తనే ఇంట్లో నోరు జారారు, అంతలోనే తగ్గిందని కూడా తనే సర్దారు. ఆ ముక్క అక్కడినుంచి బల్ల దాకా నడిచి, ఇప్పుడు ఈ పాప నోటి దాకా వచ్చింది. మైకుగారు కుర్చీలోంచి లేచి, కన్నానికి నోరు దగ్గరగా పెట్టి చెప్పారు. పెట్టొద్దని, అప్పట్లో తను ఒక్క చెంచా తప్ప తినలేదని, ఇప్పుడు తింటుంటే తనకీ ఇలాగే అవుతోందని, పాపని వెంటనే డాక్టరుకి చూపించమని. అంత నిజం ఒక్కసారిగా చెప్పడం అలవాటు లేక మాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్నాయి.

ఆవిడ నమ్మలేదు. ఆయన మొహంలోకి జాలిగా చూసింది, పెద్దాయనకి ఇంట్లో ఏదో గొడవయినట్టుంది అన్నట్టు.

"ఊరుకోండి సార్. మైకులో మీరే కదా చెప్పారు. మైకులో తప్పు చెబుతారా మీరు?"

ఇన్నేళ్ళుగా ఆయన కూడబెట్టుకున్న పరువంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఈ బస్టాండులో కన్నంలోంచి వచ్చేది మనిషి మాట. మైకులోంచి వచ్చేది నిజం. అలా అని జనానికి నేర్పింది ఆయనే. బల్ల దగ్గర బావమరిది ఎవరికో సీసా కాగితంలో చుడుతున్నాడు. ఇటు చూసి చెయ్యూపాడు. పాప మరోసారి ఊపిరి గట్టిగా లాగింది.

మైకుగారు కూర్చుని మీట నొక్కారు.

"ప్రయాణికులకు గమనిక. ప్లాట్‌ఫారం దగ్గర అమ్ముతున్న పుప్పొడి వల్ల నా గొంతు రాలేదు. అప్పట్లో నేను ఒక్క చెంచా తప్ప అది తినలేదు. కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉన్నందువల్ల వచ్చింది. ఇప్పుడు తింటున్నాను, నాకు పడడం లేదు. అది తిన్నాక ఎవరికైనా పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా, ఆయాసం వచ్చినా, వెంటనే మానేసి డాక్టరుకి చూపించుకోండి. ముఖ్యంగా పిల్లలకి."

రెండోసారి కూడా చెప్పాలి, అది పద్ధతి. రెండోసారి సగంలో గొంతు చీలింది. చివరి మాటలు గాలిగా మాత్రమే వచ్చాయి.

చరిత్రలో గొప్ప ప్రకటనల తర్వాత ఏం జరుగుతుందో గాని, ఇక్కడ పెద్దగా ఏమీ జరగలేదు. ఎవరో ఒకాయన కన్నం దగ్గరికొచ్చి, ఇంతకీ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందన్నారని అడిగాడు. టీకొట్టాయన తన సీసా తీసి, మూత విప్పి, వాసన చూసి మళ్ళీ పెట్టేశాడు. ఊడ్చే ఆవిడ మాత్రం నిలబడిపోయి ఆయన పెదవుల్నీ, పాప పెదవుల్నీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ఇంకేమీ అడగకుండా, చీపురు అద్దానికి ఆనించి, పాపని ఎత్తుకుని ఆసుపత్రి వైపు పరుగులాంటి నడక నడిచింది.

బావమరిది వచ్చి తలుపు తట్టాడు. గట్టిగా కూడా కాదు. మైకుగారికి తలుపు తియ్యడానికి చెయ్యి రాలేదు. అతను ముందు వైపుకొచ్చి అద్దంలోంచి చూశాడు. మూడు పక్కలా అద్దాలే, ఎటు తిరిగినా అతనే. తర్వాత వెళ్ళి బల్లమీది సీసాలు పెట్టెలో సర్దుకున్నాడు. మైకుగారు డ్యూటీ అయ్యేదాకా ఆ గదిలోనే కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళందరూ తొంగిచూసి మరీ పోయారు. మేనేజరు వచ్చి, బస్సులకి సంబంధం లేని విషయం మైకులో చెప్పడం నిబంధనలకి విరుద్ధమని మందలించాడు. బల్ల గురించి చెప్పమన్నది ఎవరో మైకుగారు గుర్తుచెయ్యబోయారు. గొంతు సహకరించలేదు.

ఇంట్లో ఆ రాత్రి ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మర్నాడు కూడా. కంచం పెట్టే చప్పుడులోనే ఇల్లాలు చెప్పదలుచుకున్నదంతా ఉంది. మైకుగారి గొంతు మాత్రల వల్ల కొంచెం కొంచెంగా తేరుకుంటోంది. పక్క గదిలోకి వినపడేంత రాలేదు గాని, ఎదురుగా ఉన్న మనిషికి తెలిసేంత వచ్చింది. బస్టాండులో ఆయన బదులు టిక్కెట్ల గుమాస్తా చదువుతున్నాడు. ఊరి పేర్లన్నీ ఒకే ఊపిరిలో మింగేస్తున్నాడని తెలిసి మైకుగారు చాలా బాధపడ్డారు. పాప తేరుకుందని కూడా తెలిసింది. ఆ కబురు ఇంట్లో చెప్పారు. ఇల్లాలు ఆ పూట కంచం నెమ్మదిగా పెట్టింది.

ఆదివారం పొద్దున బావమరిది దిగివచ్చాడు. ముసుగు లేదు. గడ్డం పెరిగింది. ఎదురుగా కూర్చున్నాడు.

"మొదటిరోజే పడలేదని చెప్పుంటే నేనేమైనా చంపేసేవాణ్ణా బావా?"

"నువ్వు చెంచా పట్టుకుని నిలబడ్డావురా," అన్నారు మైకుగారు, వచ్చిన కాడికి గొంతుతో.

అది సమాధానమేనా అన్నట్టు బావమరిది చూశాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. ఫోటో తీసేశాడట. పడనివాళ్ళు తినొద్దని సీసా మీద పెద్దక్షరాలతో వేయిస్తాడట. అందరికీ పడకపోదు కదా. పైన పెట్టెలన్నీ అలాగే ఉన్నాయి, ఈగలు మానవు కదా, తెస్తూనే ఉన్నాయి. గొంతు బాగయ్యాక, ఊరికే, పడేవాళ్ళు తినొచ్చని ఒక్క మాట మైకులో చెబితే చాలునట. అబద్ధం కూడా కాదు.

వంటింటి గుమ్మంలో ఇల్లాలు వచ్చి నిలబడింది. తమ్ముడి వంకా, మొగుడి వంకా చూసింది.

వద్దన్న మాట మైకుగారి నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచారు.

"చూద్దాంలే," అన్నారు.

ఆ ఇంట్లో ఆ మాటకి అర్థం ఏమిటో ముగ్గురికీ తెలుసు. బావమరిది మొహం విప్పారింది. లేచి, రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కుతూ పైకి వెళ్ళాడు. కొద్దిసేపట్లోనే పైన పెట్టెలు జరిపే చప్పుడు, ఈల కూడా. ఇల్లాలు వంటింట్లోకి తిరిగిపోయి నీళ్ళు పెట్టింది, చాలా రోజుల తర్వాత ఇద్దరికీ సరిపడా టీ.

మైకుగారు కుర్చీలో అలాగే ఉన్నారు. ఆ ఈల విన్నారు. తను అన్న మాట మళ్ళీ విన్నారు. చీపురు పక్కన పెట్టి పరుగెత్తిన ఆవిడ గుర్తొచ్చింది. ఈసారి ఆవిడకి ఎవరు చెబుతారు? మైకులోంచి ఒకసారి తినండని, ఒకసారి తినొద్దని, ఇంకోసారి కొందరు తినండని వస్తే, ఆ తర్వాత ఆ మైకులో బస్సు వస్తోందన్నా ఎవరు లేస్తారు?

లేచి మెట్ల దగ్గరికి నడిచారు. కమ్మీ పట్టుకుని తలెత్తి పిలిచారు.

"ఒరేయ్."

ఆ మాట మూడో మెట్టు దాకా కూడా వెళ్ళలేదు. పైన ఈల ఆగలేదు. మరోసారి పిలిచారు, ఈసారి అది కూడా రాలేదు. వంటింట్లోంచి ఇల్లాలు తొంగిచూసి, టీ అవుతోంది ఎక్కడికి అంది. మైకుగారు చేత్తో పైకి చూపించారు.

గొంతు వెళ్ళలేని చోటికి ఇక మనిషే వెళ్ళాలి. ఒక్కొక్క మెట్టూ ఎక్కసాగారు.